మూడున్నరో వరుస

మాతే కషాయం నిండిన సొరబుర్రను ఎడమ చేత్తో పట్టుకుని గొట్టంతో పీలుస్తూ, కుడి చేత్తో మీటలు నొక్కుతూనే ఉంది ఎడెల్మా. మోంటెవిడియో రేవులో క్రేన్ల ప్రోగ్రాం ఆగిపోయినప్పుడల్లా, తప్పులు వెతికే డీబగ్గర్‌తో దాని కడుపు కోసి చూడడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. లోపలున్నవన్నీ అంకెల గుట్టలే. వాటిని ఫలానా పెట్టె, ఫలానా వరుస అని విప్పి చెప్పే చిన్న ప్రోగ్రాం, ఆ స్క్రిప్టు, ఆమె రాసిందే. పొట్టి మనిషి, మందపాటి కళ్లద్దాలు, వంకరపోయిన చూపుడువేలు. ఆమె పక్కనున్న పాత కంప్యూటరుకు ఒక అట్టముక్క అంటించి ఉంది: "ఎడెల్మా లేకుండా ముట్టుకోవద్దు."

ఈ రోజుతో ఉద్యోగం సరి. ఉదయమే కొత్త క్రేన్ ఆగింది. సాయంత్రం ఓడ కదిలేలోగా అందులోకి ఎక్కాల్సిన మాంసం పెట్టె ఏ వరుసలో ఉందో తేలాలి. స్క్రిప్టు రాసిన పైథాన్ భాష కొత్త కంప్యూటరులో కొత్త రకం. అందులో స్క్రిప్టు చెప్పిన జవాబు: మూడున్నరో వరుస.

పై అధికారి వాషింగ్టన్ పగలబడి నవ్వాడు. "సగం పెట్టె ఎక్కడ దాచారు ఎడెల్మమ్మా? పాతదాన్ని పాత క్రేన్లకే వదిలేసి, కొత్తదానికి వేరేది రాయిద్దాం లెండి."

"రెండు కాపీలు పెట్టుకుని పోయిన నెల ఏం బావుకున్నాం? ఒకటి దిద్ది రెండోది మరిచాం. పాత క్రేన్లు ఇంకా ఎనిమిదేళ్లు తిరగాలి. ఒక్కటే ఉండాలయ్యా, రెండుచోట్లా నడవాలి."

ఆమెకు పౌరుషం వచ్చింది. మధ్యాహ్నం భోజనం ముట్టలేదు. పెట్టె కోడును రెండుతో భాగిస్తే వరుస తేలుతుంది; ఈ పెట్టె కోడు ఏడు. ఏడును రెండుతో భాగిస్తే పాత పైథాన్ మిగిలిన సగాన్ని మింగేసి మూడంటుంది. కొత్తది నిజాయితీకి పోయి మూడున్నర అంటుంది. నాలుగింటికి తప్పు దొరికింది. భాగహారపు గీత పక్కన ఇంకో గీత పెట్టింది. అలా రాస్తే సగం వదిలేసి రెండు పైథాన్లూ ఒకే మాట చెబుతాయి.

పాత కంప్యూటరు మూడో వరుస అంది. కొత్తదీ మూడో వరుసే అంది. వాషింగ్టన్ పెట్టెలు పేర్చే యార్డుకు ఫోన్ చేశాడు.

"ఉందిరా నాయనా, ఇక్కడే ఉంది!" అని అవతలివాడు అరిచిన అరుపు గదంతా వినిపించింది.

ఎడెల్మా బల్ల మీద చరిచి లేచి నిలబడింది. ఇన్నేళ్లలో అంత గర్వం ఆమెకెన్నడూ కలగలేదు.

"మీరు అసాధ్యులమ్మా!" అంటూ వాషింగ్టన్ మళ్లీ వేడినీళ్లు పోసి బుర్ర అందించాడు. ఆమె ఆఖరి చుక్క దాకా పీల్చి తిరిగి ఇచ్చింది.

"గ్రాసియాస్" అంది.

ధన్యవాదాలని అర్థం; మాతే పంచుకునేటప్పుడు ఇక చాలు అనుకున్నవాళ్లే ఆ మాట అంటారు. బల్ల చుట్టూ సొరబుర్ర చేతులు మారిన ఇన్నేళ్లలో అందరికంటే ముందు ఆమె నోట అది రావడం ఇదే మొదలు. వాషింగ్టన్ ఫ్లాస్కు మూత బిగించాడు. ఆమె కోటు వేసుకుని, తలుపు నెమ్మదిగా మూసి వెళ్లిపోయింది.

కాసేపటికి అతని చూపు పాత కంప్యూటరు మీద పడింది. అట్టముక్క అక్కడే ఉంది. పాత అక్షరాలు కొట్టేసి, కింద ఆమె చేతిరాత: "ఎవరైనా ముట్టుకోవచ్చు."