దేవదారు పొట్టు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. అది పద్నాలుగేళ్లుగా నడుస్తోంది. ఆయన దేనికీ కారణం చెప్పరు. "ఆ కుర్చీలో కూర్చోకు" అంటారు. ఎందుకంటే, "కూర్చోకంటే కూర్చోకు" అంటారు. కూర్చుని కిందపడ్డాక, కాళ్ల జిగురు ఇంకా ఆరలేదన్న సంగతి మనకే తెలుస్తుంది. చెక్కతో మాట్లాడీ మాట్లాడీ మనుషులతో మాట్లాడటం మరిచిపోయాడని మా అత్తగారు అంటారు. కన్నకొడుకు కదా, అంతకంటే గట్టిగా అనరు.

మాది కింద కార్ఖానా, పైన కాపురం. కింద ఆయన బట్టల పెట్టెలు చేస్తారు. పైన నేను ఆ పెట్టెల దుమ్ము తుడుస్తాను.

తొమ్మిదేళ్ల మా అమ్మాయిని ఇంట్లో పిచ్చుక అంటాం. అది ఏడాదిపాటు పోరి, రెండు పెంపుడు చిట్టెలుకల్ని సంపాదించింది. ఒక్కటే అయితే దిగులుపడుతుందట, అందుకని రెండు. రెండూ ఆడవే. తెల్లదాని పేరు నట్టు, బూడిదరంగుదాని పేరు బోల్టు. వాళ్ల నాన్న వాటికి మూడంతస్తుల గూడు కట్టారు. చుట్టూ నా చిటికెనవేలు కూడా దూరని ఇనుప జాలీ, ఎక్కడానికి నిచ్చెనలు, తోక ఇరుక్కోకుండా సందుల్లేని చెక్క చక్రం, దాక్కోవడానికి అట్టగొట్టాలు.

"బోను పెట్టి పట్టాల్సినవాటికి మేడ కట్టిస్తున్నారు" అన్నారు అత్తగారు. "నాకు పెళ్లయిన కొత్తలో ఈ ఇంటికి మెట్లే లేవు."

"నానమ్మా, అవి వింటాయి" అంది పిచ్చుక.

"విననీ. నేనేం రహస్యం చెప్పట్లేదు."

పిచ్చుక బడి పుస్తకాల కంటే ఎలుకల పుస్తకమే ఎక్కువ చదివింది. గింజలు గిన్నెలో పెట్టదు, పొట్టులో చల్లుతుంది. వెతుక్కుని తింటే వాటికి తోచకపోవడం ఉండదట, బుర్ర కూడా పనిచేస్తుందట. ఆ సూత్రం పట్టుకుని నేను ఒకరోజు మా ఆయన టీ గ్లాసు దాచి చూశాను. ఆయన కాసేపు చూసి, పక్కనున్న నా గ్లాసు తాగేశారు.

ఆ గూట్లో పరచడానికి ఆయన ఒక బస్తా పొట్టు పైకి తెచ్చిచ్చారు. తెల్లగా, ఏ వాసనా లేని పొట్టు. మెట్ల కింద ఇంకో బస్తా ఉంటుంది, మూతి బిగించి కట్టి. అది దేవదారు పొట్టు. పురుగు చేరకుండా పెట్టెల అడుగున వేస్తారు. ముడి విప్పితే చాలు, మెట్లన్నీ ఘుమఘుమలాడతాయి.

"ఆ బస్తా జోలికి వెళ్లకు" అన్నారు ఒకసారి.

"ఎందుకు?"

"వెళ్లకంటే వెళ్లకు."

ఎలుకలు ఎంత శుభ్రమైనవైనా ఎలుకలే. వాటి గూడు ఉన్నది ముందుగదిలో, నా కుర్చీకి మూరెడు దూరంలో. పక్కింటావిడ వచ్చినప్పుడల్లా ముక్కు ఎగబీల్చి, "ఏం వండుతున్నారు?" అని అడిగేది. మూడోసారి అడిగాక నేను నిశ్చయించుకున్నాను. బుధవారం ఆయన చెక్క కొనడానికి వెళ్లారు, పిల్ల బడికి వెళ్లింది, అత్తగారు కునుకు తీస్తున్నారు. కిందికి దిగి ముడి విప్పాను. పాత పొట్టంతా ఎత్తిపోసి, దేవదారు పొట్టు నాలుగు వేళ్ల మందాన పరిచాను. ముడి మళ్లీ ఆయన వేసినట్టే వేశాను. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాత్రం నేర్చుకోకపోతే ఎలా? రోజంతా ఆ వాసనలోనే ఉండే ఆయన ముక్కుకి తేడా తెలియదని నాకు తెలుసు.

సాయంత్రం పిచ్చుక అడిగింది. "అమ్మా, మంచి వాసనొస్తోందేంటి?"

"ఇల్లు తుడిచాన్లే" అన్నాను. నిజమే, తుడిచాను.

శనివారం ఉదయం, ఆయన పెట్టెలు దింపడానికి బండితో వెళ్లాక, పిచ్చుక గుప్పిట్లో నట్టుని పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, దీని లోపల గడియారం ఉంది."

నవ్వుతూనే చెవి దగ్గర పెట్టుకున్నాను. టిక్. టిక్. ఊపిరి పీల్చినప్పుడల్లా ఏదో చిన్న పుల్ల విరిగినట్టు. నా నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. నట్టు వీపు గూనిలా పైకి లేచింది. బొచ్చంతా రేగింది. కళ్లు సగం మూతపడ్డాయి. ముక్కు కొసన ఎర్రటి తడి.

"రక్తమా అమ్మా?"

"కాదు" అన్నాను. అవునో కాదో నాకేం తెలుసు?

గూటి దగ్గరికి వెళ్లి చూస్తే చక్రం తిరగడం లేదు. నిన్న చల్లిన గింజలు చల్లినట్టే ఉన్నాయి. బోల్టు మూల నక్కి తుమ్ముతోంది. ఎలుక తుమ్ముతుందని నాకు అప్పటిదాకా తెలియదు. బుధ, గురు, శుక్ర అని వేళ్ల మీద లెక్కపెట్టి, ఆ వేళ్లని చీరకొంగులో దాచుకున్నాను.

చెప్పుల డబ్బాకి చిల్లులు పొడిచి, మెత్తటి తువ్వాలు వేసి, నట్టుని అందులో పెట్టాం. పశువుల ఆసుపత్రి రెండు వీధుల అవతల. పిచ్చుక డబ్బాని నిండు గిన్నెలా రెండు చేతుల్తో పట్టుకుని నడిచింది. దారిలో ఎవరు పలకరించినా మాట్లాడలేదు. ప్రతి పది అడుగులకీ ఆగి చెవి ఆనించేది. అది చెవి తీసేదాకా నేను ఊపిరి బిగబట్టేదాన్ని.

డాక్టరమ్మ నట్టుని అరచేతిలోకి తీసుకుని, చాలాసేపు విన్నది.

"ఊపిరితిత్తులు పట్టేశాయి. వీటివి కందిగింజంత ఉంటాయమ్మా, ఎంతోసేపు తట్టుకోవు. గూట్లో ఏం పరుస్తున్నారు?"

"చెక్కపొట్టు. మా ఆయన తెచ్చిందే."

"వాసన లేనిదేగా? వాసనొచ్చే చెక్కల్లో నూనెలుంటాయి. అవి వీటికి విషం."

"ఆయన తెచ్చింది వాసన లేనిదేనండి" అన్నాను. అక్షరం అబద్ధం లేదు. నేను పరిచిందేమిటని ఆవిడ అడగలేదు.

"మరి ఈ వారంలో కొత్తగా ఏం జరిగింది?"

నేను నోరు తెరిచేలోపే పిచ్చుక అంది. "నేనే. సోమవారం జేబులో పెట్టుకుని డాబా మీదికి తీసుకెళ్లాను. గాలి బాగా వీచింది. దాచాను, ఎవరికీ చెప్పలేదు." చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

"చలిగాలి తగిలి ఉంటుంది" అంది డాక్టరమ్మ. "ఏడవకు తల్లీ. ఈ చుక్కలు పూటకొకటి వెయ్యి. గూటి మీద మందంగా దుప్పటి కప్పి వెచ్చగా ఉంచు. సాయంత్రం దాకా నిలిస్తే ఆశ ఉంది."

అప్పుడే చెప్పాల్సింది. కానీ ఆ గదిలో ఇద్దరు వరసలో కూర్చుని ఉన్నారు, ఒకరి ఒళ్లో కుక్క, ఇంకొకరి ఒళ్లో కోడి. ఆ కోడి కూడా నన్నే చూస్తున్నట్టనిపించింది. ఇంటికి వెళ్లగానే పిల్లని స్నానానికి పంపి, ఎవరి కంటా పడకుండా పొట్టు మార్చేస్తాను, ఎలుక బతుకుతుంది, మాట బయటికి రాదు అనుకున్నాను.

పిచ్చుక స్నానానికి వెళ్లలేదు. నేను చెప్పులు విప్పేలోపే నట్టుని గూట్లో పెట్టేసి, ఉన్న దుప్పట్లలో మందమైనది తెచ్చి గూటి మీద కప్పి నాలుగువైపులా దోపింది. దాని పక్కనే నేల మీద చతికిలబడింది.

"లేచి అన్నం తిను."

"వద్దు."

"స్నానమైనా చెయ్యి, నేను చూస్తుంటాను."

"నువ్వు చూస్తే చాలదమ్మా. దాన్ని నేను చంపేస్తున్నాను. నేనే చూడాలి."

దుప్పటి అంచు సందులోంచి ఆ వాసన వస్తూనే ఉంది. బుధవారం నేను గుండెనిండా పీల్చుకున్న వాసన. ఇప్పుడు అది మూతపెట్టిన గిన్నెలో ఆవిరిలా లోపలే సుడులు తిరుగుతోందని తలుచుకుంటే నాకే ఊపిరాడలేదు. వంటింట్లోకి వెళ్లాను, ముందుగదిలోకి వచ్చాను. మళ్లీ వెళ్లాను, మళ్లీ వచ్చాను.

"ఏమైందే నీకు, చక్రంలో ఎలుకలా?" అన్నారు మంచం మీంచి అత్తగారు.

పిచ్చుక దుప్పటికి చెవి ఆనించింది. మొహం పాలిపోయింది. "అమ్మా, గడియారం వినపడట్లేదు."

ఒక్క ఊపున దుప్పటి లాగేశాను. గూటి తలుపు పీకినంత పనిచేసి, రెండింటినీ చేతుల్లోకి తీసుకున్నాను.

"డాక్టరమ్మ కప్పమంది! చలికి చచ్చిపోతుంది!" పిచ్చుక నా చెయ్యి పట్టుకుని లాగింది.

"ఆగవే!" నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆ గదిలోంచి పడగ్గదిలోకి పరిగెత్తాను. రెండు చిట్టెలుకల్నీ ఉతికిన పాత నూలుగుడ్డలో పెట్టి, వంగి చూశాను. బోల్టు పాకి మూల చేరింది. నట్టు కదల్లేదు. తెల్లటి పొట్ట మీద నా కళ్లు అతుక్కుపోయాయి. ఎంతసేపో తెలియదు. పొట్ట పైకి లేచింది. ఆగింది. మళ్లీ లేచింది. టిక్.

పిచ్చుక గుమ్మంలో నిలబడి ఉంది. వెనకాల అత్తగారు.

"గూట్లో పొట్టు మారింది" అన్నాను. "అది పడలేదు వీటికి."

"మారిందా?" అన్నారు అత్తగారు. "దానంతటదే బస్తాలోంచి నడుచుకుంటూ వచ్చిందా?"

పిచ్చుక నన్నే చూస్తోంది. అత్తగారి ముందు నేను ఏ తప్పూ ఒప్పుకున్న చరిత్ర లేదు. మాడిన కూర కూడా అలాగే వండాలని వాదించినదాన్ని. అయినా పిల్ల మొహం మీద ఎండిన కన్నీటి చార కనిపిస్తోంది.

"నేనే మార్చాను. మీ నాన్న వద్దన్న దేవదారు పొట్టు తెచ్చి వేశాను, వాసన రాకూడదని. డాక్టరమ్మ దగ్గర తెలిసి కూడా నోరు మూసుకున్నాను. డాబా మీది గాలి కాదు, నువ్వు కాదు పిచ్చుకా. తప్పు నాది."