ఖాళీకి తూకం

పదహారు కిలోల సైకిలు యాభై నాలుగు కిలోలు తూగుతుందని కొరియరు కౌంటరు మనిషి తేల్చేశాడు. కాటా మీద పెట్టి చెప్పిన మాట కాదది. టేపు పట్టుకుని పొడవు కొలిచాడు, ఎత్తు కొలిచాడు, హ్యాండిలు ఈ కొస నుంచి ఆ కొస దాకా కొలిచాడు. కాలిక్యులేటరు మీద టకటకా కొట్టి ఆమె వైపు తిప్పాడు.

“రెండు వేల తొమ్మిదొందలు.”

కాలరక్క ఆ అంకెను మళ్ళీ చదువుకుంది. సైకిలు అమ్ముడుపోయిందే మూడున్నర వేలకు. పదకొండేళ్ళుగా చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు తప్ప మరొకటి కుట్టి ఎరగదు కాబట్టి అక్కడ అందరూ ఆమెను కాలరక్క అనే పిలుస్తారు. ఇవాళ మధ్యాహ్నం సగం రోజు జీతం వదులుకుని మరీ ఇక్కడికి వచ్చింది.

“బరువు పదహారే కదయ్యా! మీ మెట్ల మీదికి నేనే మోసుకొచ్చాను.”

“బరువెవడిక్కావాలమ్మా? బండిలో ఎంత జాగా తింటుందో దానికి కడతాం. సైజు బరువు అంటారు దీన్ని.”

“ఈ చక్రానికీ ఆ చక్రానికీ మధ్య ఏముంది? గాలి. గాలిక్కూడా డబ్బులేనా?”

“ఆ గాలిలో నేనింకో పార్సిలు పెట్టలేను కదా. ఖాళీకీ తూకమే. పంపితే పంపు, లేదంటే పక్కకి జరుగు. వెనక జనం ఉన్నారు.”

వెనక జనమేమీ లేరు. ఒక్కడున్నాడు, వాడూ ఫోను చూసుకుంటూ గోడకు చేరగిలబడ్డాడు. ఇలాంటి కౌంటర్ల వెనక కూర్చున్నవాళ్ళకు లేని జనం కూడా కనిపిస్తారు.

ఆమె భర్తకు ఫోను చేసింది. ఫ్యాక్టరీకి ఆడవాళ్ళను చేరవేసే వ్యానుకు అతడు డ్రైవరు.

“ఏంటీ, రెండు వేల తొమ్మిదొందలా? అంతకంటే కాలవలో పారేయడం నయం! నీకు బేరం చెయ్యడం చేతకాదే. అన్నిటికన్నా చవకది ఏదుందో అడుగు.”

“నువ్వొచ్చి అడుగు మరి.”

“వ్యానెవడు తోల్తాడు, మీ తాతా? ఎలాగోలా ఇవాళ పంపించెయ్. రేపు ఒకటో తారీకు.”

ఆ ఒకటో తారీకు దగ్గరే ఉంది తంటా అంతా. వ్యాను కంట్రాక్టరుది. కూలీలను కుదిర్చేదీ అతనే, జీతాలిచ్చేదీ అతనే. పద్నాలుగు సీట్ల బండిలో ఇరవై ఆరుగురిని కుక్కుతాడు. ఎక్కిన ప్రతి మనిషి జీతంలో నెలకు వెయ్యి కోస్తాడు. నిండితే గాని బండి కదలదు. కదలక ఆలస్యమైతే దానికి మరో కోత. ముందు ముంచి ఆనక తడిసినందుకు జరిమానా వేసే బాపతు మనిషి. ఇన్నేళ్ళూ నోరు మూసుకుని ఆ వ్యానులోనే తిరిగిన కాలరక్క, ఓవర్‌టైము డబ్బులు కూడబెట్టి పాత సైకిలొకటి కొనుక్కుంది. ముప్పై ఆరేళ్ళ వయసులో, తెల్లవారకముందే సందులో పడుతూ లేస్తూ నేర్చుకుంది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. చూసినవాళ్ళు కిసుక్కున నవ్వారు. నవ్వినవాళ్ళే మూడు నెలలు తిరిగేసరికి, “ఎంతకి కొన్నావక్కా? మాకూ ఒకటి చూడవూ?” అని అడగడం మొదలుపెట్టారు. గుండీలు కుట్టే ఆవిడ అప్పుడే డబ్బు కూడా పోగుచేస్తోంది.

కంట్రాక్టరుకు ఒళ్ళు మండింది. డ్రైవరును పిలిపించి, “నీ పెళ్ళామే ఎక్కని వ్యాను ఇంకెవత్తె ఎక్కుతుందిరా? ఒకటో తారీకు నుంచి అది వ్యానులో కనపడాలి. ఆ సైకిలు ఈ ఊళ్ళో కనపడకూడదు. కాదంటే తాళాలు ఇక్కడ పెట్టి నడు” అన్నాడు.

అక్కడ పెగలని డ్రైవరు గొంతు ఇంటికొచ్చాక లేచింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, కంట్రాక్టరు మీద కోపమంతా ఆమె సైకిలు మీద చూపించాడు. పెళ్ళాన్ని ఒక్క మాట అడక్కుండా సైకిలు ఫొటో తీసి ఫోనులో అమ్మకానికి పెట్టాడు. ఎక్కడో దూరపు ఊరివాడు కొంటానన్నాడు. సైకిలు చేతికందాకే సొమ్ము, పంపే ఖర్చు అమ్మినవాళ్ళదే అన్నాడు. దానికీ తలాడించాడు. కాలరక్క రెండు రోజులు అతనికి క్యారేజీ కట్టలేదు. మూడో రోజు, అతని ఉద్యోగం పోతే ఇల్లు గడవదని తనకు తానే చెప్పుకుని ఊరుకుంది.

“విప్పితే తగ్గుతుందమ్మాయ్” అన్నాడు మూలన పార్సిళ్ళు కడుతున్న ముసలాయన. “చక్రం తీసి, హ్యాండిలు తిప్పి, పెడళ్ళు పీకి అట్టపెట్టెలో పెడితే సగానికి దిగుతుంది. నా కూలి నూటయాభై.”

“పెట్టె రెండొందలు” అన్నాడు కౌంటరు మనిషి తలెత్తకుండా.

సైకిలును నేల మీద పడుకోబెట్టారు. ముందు చక్రం ఊడింది. సీటు దిగిపోయింది. హ్యాండిలు మెడ విరిచినట్టు పక్కకు తిరిగింది. ఒక్కొక్కటి ఊడుతున్నప్పుడల్లా కౌంటరు మనిషి టేపుతో వచ్చి కొలిచి కొత్త రేటు చెప్పాడు. రెండు వేల మూడొందలు. వెయ్యి తొమ్మిదొందలు. ఆమె ఫోనును స్పీకరులో పెట్టి, కౌంటరు మీద ఉంచి ఆ అంకెలన్నీ చెబుతుంటే భర్త అవతల నుంచి ఒకే పాట పాడాడు. “ఇంకా తగ్గించమను.”

కుడి పెడలు సులువుగా వచ్చింది. ముసలాయన ఎడమదానికి పానా తగిలించాడు.

“బాబాయ్, దాన్ని ఎదురు తిప్పాలి. ఎడమ పెడలు మరలు ఎదురు దిశలో ఉంటాయి. నాకది ఒకసారి ఊడి పడింది, అప్పుడు తెలిసింది.”

“నలభయ్యేళ్ళుగా మరలు విప్పుతున్నాను. నువ్వు నాకు చెబుతావా తల్లీ?”

పానా చివర ఇనప గొట్టం తొడిగి, ఒంట్లో బలమంతా పెట్టి తన పద్ధతిలోనే తిప్పాడు. పెడలు కిర్రుమంది, బిగుసుకుంది. పొరపాటు తెలిసొచ్చి ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, నూనె పోశాడు. అది వెంట్రుకవాసి కదల్లేదు. ఆయన చెమట తుడుచుకుని, “పాత సరుకు, తుప్పు పట్టింది” అన్నాడు. అది తుప్పు కాదని ఆయనకూ తెలుసు.

చక్రాన్ని చట్రం పక్కన ఇరికించి సైకిలును పెట్టెలో దించారు. ఎడమ పెడలు పొడుచుకొచ్చి మూత పడలేదు.

“జానెడు ఎక్కువైంది. మళ్ళీ వెయ్యి తొమ్మిదొందలే” అన్నాడు కౌంటరు మనిషి.

“కోసెయ్యమను!” ఫోనులో భర్త అరిచాడు. “కొన్నవాడు ఇంకోటి వేయించుకుంటాడులే. రంపంతో కోసెయ్యమను!”

ముసలాయన రంపం తెచ్చాడు. “కాస్త కదలకుండా పట్టుకో అమ్మాయ్.”

ఆమె వంగి రెండు చేతులతో పట్టుకుంది. పెట్టెలో సైకిలు కళ్ళ ముందే ఉంది. మెడ వంచుకుని, మోకాళ్ళు ముడుచుకుని, చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని ఉంది. వ్యానులో తను ఇలాగే కదా కూర్చునేది, అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో మోచెయ్యి డొక్కలో పొడుస్తుంటే. ఇక్కడ ఖాళీకి తూకం కట్టి డబ్బడుగుతున్నారు. అక్కడ ఖాళీ అన్నదే లేకుండా కుక్కి తలకింత అని కోస్తున్నారు. రెండు చోట్లా పోయేది తన కష్టమే.

రంపం ఇనుము మీద ఒక్కసారి గీసుకుంది.

“ఆపు బాబాయ్.”

“ఏమైందీ?”

“ఆపమన్నానా! కొయ్యడానికి వీల్లేదు.”

“ఏమంటున్నావే?” అన్నాడు ఫోనులో భర్త.

“పంపడం లేదంటున్నాను.”

“పిచ్చెక్కిందా నీకు? నా ఉద్యోగం పోతుందే!”

“పోతుందేమో. నాకు భయం లేదనుకుంటున్నావా? ఉంది. అయినా సరే, ఆ వ్యాను నేనెక్కను. వాడితో నువ్వు చెప్పలేకపోతే నేనే చెబుతాను.” ఫోను కట్టేసింది. మళ్ళీ మోగింది. మోగనిచ్చింది.

సైకిలును పెట్టెలోంచి లాగి పానా అందుకుంది. చక్రం ఎక్కించింది, హ్యాండిలు తిప్పింది, సీటు లేపింది, కుడి పెడలు బిగించింది. ముసలాయన కాసేపు గొణిగి, ఆఖరికి వచ్చి చక్రం నిటారుగా పట్టుకున్నాడు. ఆమె ఆయన చేతిలో వంద పెట్టింది. ఆయన మిగతా యాభై అడగలేదు.

“పెట్టె డబ్బులెవడిస్తాడు? ఇంతసేపు కొలిచిందానికో?” అన్నాడు కౌంటరు మనిషి.

“పెట్టె ఇక్కడే ఉంది కదా, నిండా గాలితో. కొలుచుకుని రేటు కట్టుకో.”

ఆమె సైకిలెక్కి రోడ్డు మీదికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఫ్యాక్టరీలు వదిలే వేళ. రోడ్డుకు ఒక పక్క మురుగు కాలవ, మరో పక్క గోడ. రెండు బండ్లు పక్కపక్కన పట్టని దారి. రంపం గీసిన చోట ఇనుము తెల్లగా మెరుస్తోంది. ఎడమ పెడలు మాత్రం కొన్న నాటి నుంచీ లేనంత గట్టిగా ఉంది.

వెనక హారన్ వినిపించింది. ఆమె తల తిప్పి చూసింది. వ్యానే. స్టీరింగు దగ్గర భర్త, పక్క సీట్లో కంట్రాక్టరు. వెనక కిక్కిరిసిన ఆడవాళ్ళు. కిటికీలోంచి గుండీలు కుట్టే ఆవిడ మెడ బయటపెట్టి, “అక్కా! ఇంకా ఉందా నీ సైకిలు?” అని గట్టిగా కేకేసింది.

“ఉంది!” అని అరిచింది కాలరక్క.

హారన్ మళ్ళీ మోగింది, ఈసారి ఆగకుండా. డ్రైవరు రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. పక్క నుంచి కంట్రాక్టరు చెయ్యి చాపి తనే నొక్కుతున్నాడు. భర్త ముఖంలో ఏముందో ఆ వెలుతురులో ఆమెకు అంతుబట్టలేదు.

ఆమె ముందుకు తిరిగి బెల్లు కొట్టి, రోడ్డు నడిమధ్యనే తొక్కుకుంటూ పోయింది. వెనక వ్యాను సైకిలు నడకనే వచ్చింది.