సన్యాసి రెండో ఉద్యోగం ఊడిన రోజు

ఎనభై ఏడులో, మనవాళ్లు కూలికి వలసపోయిన ఆ దీవుల్లో మిలిటరీవాళ్లు గవర్నమెంటును దించేశారు. మరుసటి ఏడు లంబాసా దగ్గరి కలప మిల్లు సగంమంది పనివాళ్లను దించేసింది. వాళ్లలో సన్యాసి ఒకడు. పద్దెనిమిదేళ్లు రంపం దగ్గర నిలబడ్డ మనిషికి రెండు లైన్ల కాగితం ఇచ్చారు. కారణం రాయలేదు. కింద సంతకం మాత్రం మేనేజరు భగవాన్‌ది.

అప్పటినుంచి సన్యాసికి కడుపుమంట ఆరలేదు. పెళ్లాం పార్బతి మీద అరిచాడు, గోడను గుద్ది వేలు విరగ్గొట్టుకున్నాడు. ఇక అతనికి మిగిలింది అమ్మవారి గుడిలో కొరడా పట్టే పని ఒక్కటే. నిప్పులు తొక్కే పండగనాడు మొక్కుకున్నవాళ్లు చేతులు చాస్తారు, కొరడా పట్టినవాడు మూడు దెబ్బలు వేస్తాడు. చెయ్యి వెనక్కి తీస్తే మొక్కు చెల్లదు. కోపంతో కొడితే కొరడా పోతుంది. తాత కాలంనుంచి వాళ్లింట్లో ఎవరూ దాన్ని పోగొట్టుకోలేదు.

ఆ ఏడు వరసలో భగవాన్ వచ్చి నిలబడ్డాడు. భార్య తులసి ఆపరేషన్‌లో బతికితే నిప్పులు తొక్కుతానని మొక్కుకున్నాడట. పసుపు పంచె, ఫైళ్లు తప్ప ఏమీ మోయని మెత్తటి చేతులు. సన్యాసికి నోరూరింది.

మొదటి దెబ్బకే మణికట్టుమీద తోలు చిట్లింది. రెండోది ఆ గాటుమీదే వేశాడు, చూసుకుని మరీ. మూడోదానికి నెత్తురు ఎగిరి సన్యాసి పెదవిమీద పడింది. అక్కడ ఆగాలి. ఆగలేదు. నాలుగు, ఐదు, ఆరు. అరచేతుల తోలు లేచిపోయింది. భగవాన్ పళ్లు బిగించి ఏడుస్తున్నాడు గానీ చెయ్యి తియ్యడం లేదు, తీస్తే తులసికి ఏమవుతుందోనని. ఆ సంగతి సన్యాసికి తెలుసు. తెలిసే కొట్టాడు. అంతకన్నా నీచపు పని ఉండదు. డప్పులు ఆగిపోయాయి.

ఎనిమిదో దెబ్బకు ముసలి పూజారి బాలయ్య అతని జుట్టు పట్టి వెనక్కి ఈడ్చాడు.

"కోపం మీద కొట్టినావురా. అమ్మోరు పని కాదు ఇది. ఐదు జాస్తి కొట్టినావు, ఐదు తిను." కొరడా తీసి భగవాన్ చేతిలో పెట్టాడు. "మారో, బేటా."

భగవాన్ బుద్ధెరిగి కొరడా పట్టింది లేదు. నెత్తుటి చేతులతో ఊపాడు. అది గాలిలో తిరిగొచ్చి అతని చెవినే కోసింది. రెండో ఊపుకు బాలయ్య తలపాగా ఎగిరిపోయింది. మూడోసారి కొరడాయే చేజారి వెళ్లి ధన్‌మని డప్పుమీద పడింది.

వీపు వంచుకుని మోకాళ్లమీద కూచున్న సన్యాసికి నవ్వు వచ్చింది. మూడు నెలల తరవాత వచ్చిన నవ్వు, ఆపితే ఆగేది కాదు. పక్కటెముకలు నొప్పెట్టేదాకా నవ్వాడు. భగవాన్ కూడా చెవి పట్టుకుని నవ్వాడు. నవ్వు తగ్గాక ఆ చేతులు కనబడి సన్యాసి సిగ్గుతో చచ్చిపోయాడు.

బాలయ్య మాత్రం నవ్వలేదు. "ఇంక నీకు కొరడా లేదు. కోపం చెయ్యి నీది. పోయి గ్రోగ్ వేళ్లు దంచుకో."

"సరే తాతా," అన్నాడు సన్యాసి కళ్లు తుడుచుకుంటూ. "మిల్లువాళ్లు ఎందుకు తీసినారో చెప్పలే. నువ్వు చెప్పి తీసినావు. అచ్ఛా హై, ఇదే నయం."

సోమవారం బస్టాండు వెనక ఇనప రోలు పెట్టి, నిజంగానే యాంగోనా మొక్క వేళ్లు దంచి, నీళ్లలో పిసికి, మత్తుగా ఉండే గ్రోగ్ కలపడం మొదలుపెట్టాడు. రోకటి పోటుకు నేల అదిరేది. అమ్మవారే ఉద్యోగంలోంచి తీసేసిన మనిషిని చూద్దామని జనం వచ్చారు. వచ్చినవాళ్లు తాగి పోయారు.

వారం తిరక్కుండా భగవాన్ వచ్చి బెంచీమీద కూచున్నాడు. మోచేతులదాకా కట్లు. గ్రోగ్ పోసిన కొబ్బరి చిప్ప పట్టుకోలేడు. సన్యాసే చిప్ప అతని నోటి దగ్గర పెట్టాడు, గడ్డంమీద కారింది తుడిచాడు.

తాగాక చప్పట్లు కొట్టడం అక్కడి మర్యాద. భగవాన్ తన కట్లకేసి చూసుకున్నాడు.

"రహనే దో, భైయా, ఉండనీ," అని అతని తరఫున సన్యాసే చప్పట్లు కొట్టాడు.