వెనక్కి పిలిచే కూత

మూడో అంతస్తు గదిలో దుప్పటి మారుస్తూ కిటికీలోంచి చూశాను. చేతిలో దిండు అలాగే ఉండిపోయింది.

ఈ గది ఒకప్పుడు నా ల్యాబ్. ఈ పరిశోధన నౌకలో పదకొండేళ్ళు ఇక్కడే కూర్చుని సముద్రపు నీటి ఉప్పదనం కొలిచాను, మంచు కదలికలు రాసుకున్నాను. సోవియట్ దేశం పోయింది, జీతాలు ఆగాయి, నౌకను దక్షిణ ధ్రువపు మంచు చూడవచ్చే పర్యాటకులకు అద్దెకిచ్చారు. నా బల్ల పీకేసి మంచాలు వేశారు. నా భర్త గెన్నాదీ సెకండ్ ఆఫీసరుగానే మిగిలాడు, నేను గదులు తుడిచే మనిషినయ్యాను. "ఇంట్లో చేసే పనేగా రాయా, కొత్తగా నేర్చుకునేదేముంది?" అంది మా ఊరు మూర్మన్స్క్‌లో మా అత్తగారు. గెన్నాదీ నవ్వాడు. నేనూ నవ్వాను.

చిన్న మంచుముక్కలు గాలివాటున పోతాయి. పెద్ద మంచుకొండ లోతు ప్రవాహం వెంట పోతుంది. ఇప్పుడు రెండూ ఒకే దిక్కుగా, అఖాతం లోపలికి వస్తున్నాయి. అవతలి ఒడ్డున పెంగ్విన్లను చూస్తూ అరవై మంది పర్యాటకులు. వాళ్ళు తిరిగి రావలసింది ఆరు రబ్బరు పడవల్లో.

చేతులకు సబ్బు వాసనతోనే పైన నౌకను నడిపే గదికి, బ్రిడ్జి మీదికి పరుగెత్తాను. కెప్టెన్ కింద తన గదిలో నిద్రపోతున్నాడు. గెన్నాదీ ఒక్కడే ఉన్నాడు.

"గెన్నా, దారి మూసుకుపోతోంది. వాళ్ళని వెనక్కి పిలువు."

"ఇక్కడికెందుకొచ్చావు? వచ్చినదానివి ఆ కప్పులు తీసుకెళ్ళు."

"అరగంట కూడా లేదు."

"మంచుకి తట్టుకునే ఓడే ఇది. మర్చిపోయావా?"

"ఓడకేం కాదు. పడవల మాటేమిటి?"

"వాళ్ళు ఒడ్డుకెళ్ళి గంట కాలేదు. ఊరికే పిలిస్తే కంపెనీ నన్ను బతకనిస్తుందా? పో, పరువు తియ్యకు."

నిజంగానే తలుపు దాకా వెళ్ళాను. ఒకవేళ నాదే పొరపాటైతే? కళ్ళు తప్పుగా చూస్తే? అప్పుడు మంచుకొండ అడ్డొచ్చి, ఒడ్డునున్న పర్యాటకుల ఎర్ర కోట్లను సగం కప్పేసింది.

వెనక్కి తిరిగి హారన్ మీట లాగాను. పడవలను వెనక్కి రమ్మని మూడు పొడుగు కూతలు. గెన్నాదీ నా మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. రెండో చేత్తో మళ్ళీ లాగాను.

ఐదు పడవలు వచ్చాయి. ఆరోది మంచులో ఇరుక్కుంది. అందులో ఒక ముసలావిడ ఏడుపు ఇక్కడికి వినిపించింది. నావికులు తెడ్లతో మంచును నెడుతూ, తాళ్ళతో లాగుతూ దాన్ని నౌక పక్కకి చేర్చేసరికి వెనక నీళ్ళన్నవే కనిపించలేదు. అంతా తెల్లగా మంచు పేరుకుని నిలబడింది.

కూతలకు లేచి వచ్చిన కెప్టెన్ అదంతా చూశాడు. "సరైన సమయానికి పిలిచారు. ఎవరు?"

"నేనే," అన్నాడు గెన్నాదీ. నా చెవి దగ్గరికి వంగి, మెల్లగా, "మిగతాది గదిలో మాట్లాడుకుందాం," అన్నాడు.

మంచు మీదపడుతున్నప్పుడు మీట మీద కుదురుగా ఉన్న నా వేళ్ళు, ఆ ఒక్క మాటకు వణకడం మొదలుపెట్టాయి. పెళ్ళయిన ఈ పద్నాలుగేళ్ళుగా దేనికి భయపడుతున్నానో అప్పుడు తెలిసింది.

వణుకుతూనే అన్నాను: "కాదు కెప్టెన్. నేను పిలిచాను. ఈయన వద్దన్నాడు. నాకు ఈ రోజు నుంచి వేరే గది కావాలి."