చింతపూల అంచు

మైదుకూరు చీరల అంగడిలో తన చింతపూల అంచు మరమగ్గం చీర మీద కనిపించేసరికి శివలీలకు ఒళ్లు మండిపోయింది. ఆ అంచు గీయడానికి ఇరవై రోజులు పట్టింది. తమ ఊళ్లో చేతిమగ్గం మీద మొదటి చీరైనా దిగలేదు, ఇక్కడ అప్పుడే కుప్పలు పోసి అమ్ముతున్నారు.

అది బయటికి పోయే దారి ఒక్కటే. ఆమె గీసే డిజైన్లన్నీ మగ్గాల యజమాని రామలింగప్ప షెడ్డులోని కంప్యూటర్లో ఉంటాయి. నేతపనివాళ్లు అమావాస్యనాడు మగ్గం ముట్టరు. ఆ రోజు షెడ్డులో ఆయన తప్ప ఎవరూ ఉండరు. పోయిన అమావాస్యకు ఎవరో బేరగాడు కారులో వచ్చి గంటసేపు లోపల కూర్చుని పోయాడని షెడ్డు పక్కింటి బసమ్మ చూసి చెప్పింది.

అడిగితే రామలింగప్ప నవ్వాడు. "కంప్యూటర్ నాది. దాంట్లో ఉండేదంతా నాదే గదమ్మా!"

పదకొండేళ్లుగా నోరారా అన్నా అని పిలిచిన మనిషి! ఆ నవ్వుకు ఆమెకు ఏడుపు రాలేదు, పంతం వచ్చింది. పెళ్లిళ్ల కోసం ఇంకో ఆరు అంచులు గీస్తోంది. అవి కూడా పోతే షెడ్డులో నేసే ఎనిమిది మగ్గాలవాళ్ల నోట్లో మట్టే.

మరుసటి రోజే కడప బస్సెక్కింది. డిజైన్లు రోజూ తనతో ఇంటికి తీసుకుపోవాలని ఆమె చెబితే, కంప్యూటర్ల అంగడి ఓబుళేశు "బయట తగిలించే డిస్కు తీసుకోరాదామ్మా?" అన్నాడు.

"వైరు కాలికి తగులుకోని రెండుసార్లు నా పని పాయె. పని చేసేటప్పుడు లోపల ఉండాల, ఇంటికి పోయేటప్పుడు నాతో రావాల."

దానికీ ఒక సరుకు ఉంది. సీడీ పెట్టే గూట్లో బిగించే పెట్టె. దాంట్లోని సొరుగు లాగితే డిస్కుతో సహా బయటికి వస్తుంది. ఓబుళేశు మూడు రకాలు ముందు పెట్టాడు.

"ఈ ప్లాస్టిక్‌ది తీసుకో. ఫ్యాను ఉండాది, తాళం ఉండాది."

శివలీల ఒకదాని తాళంచెవి తీసి పక్కదాంట్లో తిప్పింది. అదీ తెరుచుకుంది.

"ఇదేం తాళమప్పా? ఊరందరికీ ఒకటే చెవి! ఇంగ ఫ్యానంటావా, మా షెడ్డులో నూలు దుమ్మంతా లోపలికి లాగుతాది. పది రోజులకే మూసుకపోతాది."

రెండోది సొరుగు లేకుండా డిస్కును ఉత్తదే దూర్చేది. రోజూ సంచిలో వేసుకుని తిరిగితే డిస్కు దెబ్బతింటుందని పక్కన పెట్టింది. మూడోది అల్యూమినియంది. ఫ్యాను లేదు, సొరుగు నాలుగు వైపులా గట్టిగా మూసుకుంటుంది.

"ఇది ఇయ్యి. దీనికి తగిన డిస్కు కూడా" అంది.

మర్నాడు షెడ్డులో అందరి ఎదుటే కంప్యూటర్లోని చెడిపోయిన సీడీ డ్రైవు పీకి దాన్ని బిగించింది. డిజైన్లన్నీ తన డిస్కులోకి మార్చి, పాతదాంట్లోవి తుడిచేసింది. రామలింగప్ప చూసి, "కొత్త సోకులు!" అని వెళ్లిపోయాడు. ఆమె రోజూ సాయంత్రం కంప్యూటర్ ఆపి, సొరుగు లాగి, సంచిలో వేసుకుని ఇంటికి పోతూ వచ్చింది.

అమావాస్యనాడు పొద్దున్నే రామలింగప్ప ఆమె వాకిట్లోకి వచ్చాడు. ముఖం మాడిపోయి ఉంది.

"డిస్కు యాడ?"

"నా దగ్గరే ఉండాది."

"తే. బేరగాడు వచ్చి కూచున్నాడు."

"ఇయ్యను."

"రేపట్నుంచి పనిలోకి రావద్దు!"

"రాను. పెండ్లి చీరలకు ఏ అంచు నేపిస్తావో నేపించుకో."

పెళ్లిళ్లకు నెల కూడా లేదు. ఆరు అంచులూ ఆమె దగ్గరే ఉన్నాయి.

"బేరగాన్ని పంపించెయ్" అంది శివలీల. "రేపు తొమ్మిదికి వస్తా. డిస్కు నేనే పెడ్తా, సాయంత్రం నేనే తీసుకపోతా."

ఆయన గొంతు తగ్గింది. "ఇన్నేండ్ల మనిషిని. నా మీద నమ్మకం లేదా శివలీలా?"

ఆమె తల దించుకోలేదు.

"లేదన్నా."