పొడుగు చేతుల జాకెట్టు

నేను ఒక జాకెట్టుని. ముదురెరుపు పాలిస్టర్ గుడ్డతో, మణికట్టు దాకా చేతులు పెట్టి, పిడుగురాళ్ళలో నన్ను కుట్టారు. "ఈ ఎండల్లో ఇంత పొడుగు చేతులెందుకమ్మా?" అని దర్జీ అడిగితే, "ఇప్పుడివే ఫ్యాషనంట" అని స్వరాజ్యం నవ్వేసింది. గోక్కుంటే వచ్చే నెత్తురు కనపడకూడదనే ఆ రంగు ఎంచుకుందని తొడుక్కున్న రోజే నాకు తెలిసింది.

ఆమె అంగన్‌వాడీ టీచరు. ముంజేతుల నిండా ఎర్రటి మచ్చలు, వాటిమీద తెల్లగా రాలే పొట్టు. సోరియాసిస్. పిల్లలకు అన్నం కలిపి పెట్టే చేతులాయె, ఎవరైనా చూస్తే ఏమంటారోనని బెంగ. గుమ్మంలో తల్లులెవరైనా కనిపిస్తే చాలు, నా అంచులు కిందికి లాక్కునేది. మనుషులు చిత్రమైనవాళ్ళు. జబ్బుతో పడే అవస్థ చాలదన్నట్టు, దాన్ని దాచడానికి ఇంకో అవస్థ పడతారు.

దాచానే గానీ, చెమటకు తడిసి, మచ్చలమీద ఒరుసుకుని దురద పెంచింది నేనే. ఓ రోజు ఆమె కోడిగుడ్లు ఒలుస్తుంటే నా చెయ్యి పైకి జరిగింది. కూతుర్ని తీసుకెళ్ళడానికొచ్చిన అనంతలక్ష్మి అది చూసి పిల్లను చంకనేసుకుంది.

"ఇదేం జబ్బు టీచరుగారూ? పిల్లలకు అంటుకుంటే?"

స్వరాజ్యం గబుక్కున నా చెయ్యి కిందికి లాక్కుంది. మర్నాడు సగం మంది పిల్లలు రాలేదు.

చర్మం డాక్టరమ్మ మచ్చలు తడిమి చూసింది. "ఇది అంటుకోదమ్మా. పూర్తిగా పోతుందని చెప్పలేను, అదుపులో పెట్టుకోవచ్చు. తగ్గిందని మందు మానేశారు కదూ? మానకండి. స్నానం కాగానే క్రీము రాయండి. ఈ జాకెట్టు మాత్రం వద్దు, పల్చటి నూలుది వేసుకోండి."

అయినా తల్లుల్ని పిలిచిన రోజు నన్నే తొడుక్కుంది. నా కింద ఆమె గుండె దడదడలాడుతోంది. అందరి ముందూ నా చేతులు పైకి మడిచింది.

"అంటుకునేదైతే మా ఇంట్లోవాళ్ళకు ఎప్పుడో రావాలి. చూడండమ్మా."

తల్లులు మెడలు చాచి చూశారు. చివరికి అనంతలక్ష్మి, "రేపట్నుంచి పంపిస్తాలెండి. అన్నం మాత్రం గరిటెతో పెట్టండి" అంది.

"సరే," అంది స్వరాజ్యం. దడ తగ్గలేదు.

ఇప్పుడామెకు నూలు జాకెట్లున్నాయి. నేను బీరువాలో అడుగున ఉన్నాను. చలికాలం మచ్చలు ముదిరినప్పుడు తలుపు తీసి, నామీద చెయ్యేసి కాసేపు నిలబడుతుంది. ఇంతవరకూ నన్ను బయటికి తియ్యలేదు. ఎప్పుడు తీస్తుందోనని నాకు భయం.