కుంగుతున్న కుర్చీ

మా మామగారితో వేగడం ఇక నా వల్ల కాదు. అందరికీ వయసు మోకాళ్లలో కనిపిస్తుంది, ఈయనకు కుర్చీలో కనిపించింది. నలభై ఏళ్లు వడ్రంగం చేసిన మనిషి, తాను చేసిన కుర్చీలోంచే ఒకరోజు లేవలేకపోయారు. టేపు అయినా పెట్టి చూడకుండా "కుర్చీ కుంగుతోంది" అని తేల్చేశారు.

"చెక్క కుంగుతుందా మామయ్యా?"

"కాళ్లు అరుగుతాయమ్మా. నీకు తెలీదులే."

ప్రతి కాలి కిందా నాలుగేసి చెక్క బిళ్లలు పేర్చారు. తర్వాత సోఫా, మంచం, భోజనాల కుర్చీలు. నెల తిరిగేసరికి ఇంట్లో ఎవరి పాదాలూ నేలకు ఆనడం లేదు. మధ్యాహ్నపు ఎండ మా కాళ్ల కింద నీళ్లలా పారేది. గిన్నె అందుకోవాలంటే పడవలోంచి పడవలోకి వంగినట్టుండేది. మా ఆయన తింటూ తింటూ కాళ్లు ఊపుకునేవారు, ఏటి ఒడ్డున కూర్చున్నట్టు.

నవ్వుకోడానికి బాగానే ఉంది గాని, మామయ్య ప్రాణమంతా వర్క్‌షాపులో ఉంది. అక్కడ కూర్చుని చిత్రిక పట్టే పీట మోకాలంత ఎత్తు కూడా ఉండదు. భాగస్తుడైన స్నేహితుడు, గొంతును బట్టి అందరూ రంపం అని పిలిచే ఆయన, ఇంటికొచ్చి కచ్చితంగా చెప్పాడు.

"పీట మీంచి నీ అంతట నువ్వు లేచిన రోజు రా. మూడు నెలలు నీ చోటు ఖాళీగా ఉంచి చూస్తా. యంత్రాల మధ్య పడ్డావంటే నేను చూడలేన్రా."

ఆ వారమంతా మామయ్య పాత పని చొక్కా ఉతకనివ్వలేదు. దిండు పక్కన పెట్టుకున్నారు. గదిలో రంపపు పొట్టు వాసన మబ్బులా తేలుతుండేది.

"పొద్దున టీ, మధ్యాహ్నం నాలుగు మెతుకులు. ఇంక లేవమంటే ఎలా లేస్తారు?" అన్నారు అత్తయ్య.

"ఈ వయసులో తేలిగ్గా తినాలి" అన్నది మామయ్య సిద్ధాంతం.

ఆయన్ను ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. అక్కడి పోషకాహార నర్సు మొదట కిడ్నీ పరీక్షలు చూసి, బాగున్నాయన్నాక అసలు మాట చెప్పింది. "వయసు మీదపడితే కండకు చెవుడొస్తుంది తాతగారూ. కొంచెం ప్రొటీన్‌తో పిలిస్తే వినపడదు. మూడు పూటలా గట్టిగా పిలవాలి. పిలిచాక పని కూడా చెప్పాలి."

"రాత్రి ఒక్కసారే దండిగా తింటే చాలదా?" అన్నాను. అదే నా ప్లాను.

"కలపంతా ఒక్క రాత్రి దింపితే తెల్లారేసరికి మేడ లేస్తుందా? ప్రొటీన్ అరిగితే వచ్చే అమైనో ఆమ్లాలను శరీరం గోదాములో దాచుకోదమ్మా."

కలప అనేసరికి మామయ్య మొదటిసారి తలెత్తి చూశారు.

పొద్దున టీ పక్కన రెండు గుడ్లు, పాలు. మధ్యాహ్నం చిక్కటి పప్పు, పెరుగు. రాత్రికి చేపో, శనగలో. రోజూ టీ అయ్యాక బల్ల పట్టుకుని పదిసార్లు లేచి కూర్చోవడం. అత్తయ్య లెక్కపెట్టేవారు, ఏడు తర్వాత కావాలనే మళ్లీ ఏడు అనేవారు.

ఇంకో పని ఆయనకు చెప్పకుండా చేశాం. మూడు వారాలకోసారి మామయ్య స్నానానికి వెళ్లగానే అత్తయ్య కుర్చీలు ఎత్తిపట్టేవారు, నేను కాలికో బిళ్ల లాగేసేదాన్ని. ఇల్లు మెల్లగా నేలకు దిగుతోంది. మా ఆయన మాత్రం తన కాళ్లు పొడుగవుతున్నాయని మురిసిపోయారు.

పన్నెండు వారాలు దాటాక ఒక ఉదయం మామయ్య టీ కోసం కుర్చీలోంచి లేచి, పాదాల వంక చూసుకున్నారు. వంగి కుర్చీ కిందికి చూశారు. ఒక్క బిళ్లా లేదు.

"ఏమయ్యాయి?"

"అరిగిపోయుంటాయి" అన్నారు అత్తయ్య, గుడ్డు వలుస్తూ.

ఆయన టేపు తెచ్చి కుర్చీ కాళ్లు కొలిచారు, మళ్లీ కొలిచారు. దిండు పక్కనున్న పని చొక్కా తొడుక్కుని, "పదండి" అన్నారు.

వర్క్‌షాపు కిటికీలోంచి పడే వెలుగులో పొట్టు నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా తేలుతోంది. మామయ్య పీట మీద కూర్చుని గుండెల మీద చేతులు కట్టుకున్నారు. రంపం యంత్రం ఆపి దగ్గరకొచ్చాడు. మామయ్య ముందుకు వంగి, పొట్టులోంచి పైకి తేలినట్టు లేచి నిలబడ్డారు.

"కుర్చీ బాగుచేశావా?" అన్నాడు రంపం.

మామయ్య మా ఇద్దరి వైపు చూసి, మళ్లీ స్నేహితుడి వైపు తిరిగారు.

"కుర్చీకేం కాలేదురా. నాకే బలం తగ్గింది. ఆ మాట చెప్పుకోలేక దాని మీదికి నెట్టేశాను. తప్పు నాదే."